రువాహా వెళ్లాలంటే ముందు నది సంగతి తెలుసుకోండి

(టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ నుంచి రాసినది.)

నమస్కారం అండి. వెనక వరసల్లో వాళ్లకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడతాను.

మన ఇళ్లకి విజయవాడ నుంచో వరంగల్ నుంచో అమ్మానాన్నలు వచ్చారనుకోండి, ప్లాన్ అందరిదీ దాదాపు ఒకటే. జాంజిబార్‌లో రెండు మూడు రోజులు, ఆ తర్వాత అరూషా మీదుగా సెరెంగెటి, గొరొంగోరో. మంచి ప్లానే, నేను కాదనను, గొరొంగోరో లాంటి చోటు భూమ్మీద మరోటి లేదు. నా బాధల్లా ఏంటంటే, ఏళ్ల తరబడి ఈ దేశంలో ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లల్ని ఇక్కడే చదివించుకుంటున్న మనం కూడా ఉత్తరం వైపే చూస్తాం తప్ప దక్షిణం వైపు ఒక్కసారైనా తల తిప్పం. దక్షిణాన ఇరింగా, ఎంబేయా ఊళ్లకి పని మీద వెళ్లొచ్చినవాళ్లు ఈ హాల్లోనే చాలామంది ఉన్నారు. ఇరింగా నుంచి సుమారు 130 కిలోమీటర్లు పోతే రువాహా నేషనల్ పార్కు. అంత దగ్గరదాకా వెళ్లి పని చూసుకుని వెనక్కి వచ్చేశారు. వాళ్లంతా ఈసారి ఇంటిల్లిపాదినీ తీసుకుని వెళ్లాలని నా కోరిక, అందుకే ఈ అరగంట నేనే అడిగి మరీ తీసుకున్నాను.

పేరు పెద్దగా వినపడదు కదా అని చిన్న పార్కు అనుకోకండి. దాదాపు 20 వేల చదరపు కిలోమీటర్లు. నల్లమలలో మన శ్రీశైలం వైపు టైగర్ రిజర్వు, అటువైపు అమ్రాబాద్ రిజర్వు, రెండూ కలిపినా ఇందులో మూడో వంతుకి అటూ ఇటూ అవుతాయి, అంతే. 1910లో జర్మన్ల కాలంలోనే ఇక్కడ కొంత భాగాన్ని వన్యప్రాణులకని కేటాయించారు, 1964లో నేషనల్ పార్కు చేశారు, 2008లో దక్షిణాన ఉసాంగు చిత్తడి నేలల్ని కూడా కలిపారు. 2019లో న్యెరెరే పార్కు ఏర్పడేదాకా ఈ దేశంలో అన్నిటికంటే పెద్ద నేషనల్ పార్కు ఇదే. ఇంత పెద్ద చోట బళ్లు తిరిగేది తూర్పు వైపున నది పక్కన ఉన్న కొద్ది భాగంలోనే. అయినా సరే, సెరెంగెటిలో ఒక్క చిరుత కోసం ఇరవై బళ్లు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉండే పరిస్థితి ఇక్కడ ఉండదు. సింహం కనపడితే మీరు, సింహం, అంతే. ఇంజను ఆపేసి గంటసేపు కూర్చోవచ్చు, వెనక నుంచి హారన్ కొట్టేవాడు ఉండడు.

ఏముంటాయో చెప్పేముందు ఏముండవో చెప్తాను, ఎందుకంటే పెద్దవాళ్లని అంత దూరం తీసుకెళ్లి నిరాశ పెట్టకూడదు. ఖడ్గమృగం లేదు. ఒకప్పుడు ఉండేవి, వేటగాళ్లు మిగల్చలేదు. లక్షల్లో గుంపులు కట్టి నది దాటే వైల్డెబీస్ట్‌ల దృశ్యం లేదు, అది సెరెంగెటిదే. బిగ్ ఫైవ్ అంటారే, సింహం, చిరుత, ఏనుగు, అడవి దున్న, ఖడ్గమృగం, ఆ అయిదూ చూసి టిక్కు పెట్టుకోవాలనుకునేవాళ్లు ఉత్తరానికే వెళ్లాలి. ఇక ఉన్నవి చూడండి. ప్రపంచంలో మిగిలిన సింహాల్లో దాదాపు పదో వంతు రువాహాలోనూ దాని చుట్టుపక్కల అడవుల్లోనూ ఉన్నాయని అంచనా. అడవి కుక్కలు, అంటే ఒంటి నిండా మచ్చలుండే ఆఫ్రికా అడవి కుక్కలు, చాలా పార్కుల్లో అంతరించిపోయాయి, ఇక్కడ మాత్రం మంచి సంఖ్యలో ఉన్నాయి. తూర్పు ఆఫ్రికా తుమ్మ అడవి, దక్షిణ ఆఫ్రికా వైపు నుంచి వచ్చే మియోంబో అడవి ఇక్కడ కలుస్తాయి, అందుకే రెండు ప్రాంతాల జంతువులూ ఒకేచోట దొరుకుతాయి. మెలికలు తిరిగిన కొమ్ముల కూడూ జింకల్లో పెద్దది, చిన్నది రెండు రకాలూ ఒకే పార్కులో కనపడే చోట్లు తక్కువ. పక్షులు 570 రకాలకి పైనే. ఈ ప్రాంతం పేరే పెట్టుకున్న హార్న్‌బిల్ ఒకటుంది, రువాహా ఎర్రముక్కు హార్న్‌బిల్, క్యాంపులో మీరు టిఫిన్ చేస్తుంటే బల్ల దగ్గరికే వచ్చి వాలుతుంది.

చెట్ల సంగతి వేరే చెప్పాలి. హైదరాబాద్ వాళ్లు గోల్కొండ నయా ఖిలాలో హతియాన్ చెట్టు చూసే ఉంటారు, నాలుగొందల ఏళ్ల పైబడిందని చెప్తారు, తొర్రలోకి మనుషులు దూరేంత లావు. అది బావొబాబ్. మన దగ్గర ఆ ఒక్క చెట్టుని చూడ్డానికి జనం వెళ్తారు. రువాహాలో కొండవాలు మొత్తం అవే. ఈసారి చూసినప్పుడు ఆకులు, కొమ్మలు కాదు, మొదలు చూడండి. మనిషి ఎత్తు నుంచి ఇంకాస్త పైదాకా బెరడు చీరేసి, పీచు పీచుగా వేలాడుతూ ఉంటుంది. అది ఏనుగుల పని. ఎండాకాలం నీళ్లు దొరక్కపోతే దంతంతో బెరడు పొడిచి, తొండంతో లాగి, లోపలి తడి పీచుని నమిలి రసం మింగుతాయి. కొన్ని చెట్లని ఎంతలా తవ్వేస్తాయంటే మధ్యలోంచి అవతలి వెలుగు కనపడుతుంది. అయినా చెట్టు బతికే ఉంటుంది, మళ్లీ బెరడు పెంచుకుంటుంది.

ఇక్కడ నీటి గురించి మొదలైంది కాబట్టి అసలు విషయంలోకి వస్తాను. రువాహాకి ఏ నెలలో వెళ్లాలి, ఏ వైపు ఉండాలి, ఎన్ని రోజులు ఉండాలి, ఈ మూడింటికీ సమాధానం ఒక్కటే, ఆ నెలలో నీళ్లు ఎక్కడున్నాయి అన్నదే. పార్కు తూర్పు అంచునే గ్రేట్ రువాహా నది ఉంటుంది. దాంట్లో కలిసే మ్వగుసి, జొంగొమెరో లాంటివన్నీ ఇసక వాగులు, వానాకాలంలో పారి తర్వాత పైకి ఎండిపోతాయి, అడుగున మాత్రం నీళ్లుంటాయి. నవంబరు చివర్నించి ఏప్రిల్ దాకా వానలు. అప్పుడు ప్రతి గుంటలోనూ నీళ్లే, జంతువులు 20 వేల చదరపు కిలోమీటర్లలో ఎక్కడంటే అక్కడ చెదిరిపోతాయి, గడ్డి ఎత్తుగా పెరిగి పక్కనే సింహం పడుకున్నా కనపడదు. మార్చి నుంచి మే మధ్య చాలా క్యాంపులు మూసేస్తారు కూడా, రోడ్లు బురద. జూన్ నుంచి నేల ఆరడం మొదలవుతుంది. జూన్, జులైల్లో చల్లగా ఉంటుంది, పొద్దున్నే స్వెట్టర్ కావాలి, అడవి కుక్కలు పిల్లల్ని పెట్టుకుని బొరియ దగ్గర ఒకేచోట ఉండే కాలం అదే. ఆగస్టు నుంచి జంతువులు నది వైపు దిగిపోతాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో చూసినంత రువాహా ఇంకెప్పుడూ చూడలేరు, కాకపోతే ఎండ మామూలుగా ఉండదు, రామగుండం ఎండకి అలవాటు పడ్డవాళ్లకి పర్వాలేదు గానీ బీపీ ఉన్న పెద్దవాళ్లకి కష్టం. పెద్దవాళ్లతో అయితే జులై, ఆగస్టు. మీరిద్దరే అయితే, లేదా ఫోటోల పిచ్చి ఉంటే సెప్టెంబరు చివరివారం. పక్షుల కోసమైతే జనవరి, ఫిబ్రవరి, గదులు కూడా చౌకగా దొరుకుతాయి.

సెప్టెంబరులో మ్వగుసి ఇసక వాగు గట్టున పొద్దున తొమ్మిదింటికి బండి ఆపుకుని కూర్చుంటే ఏం కనపడుతుందో చెప్తాను. వాగంతా పొడి ఇసక, చుక్క నీరు ఉండదు. ఏనుగుల గుంపు వస్తుంది. అన్నిటికంటే పెద్ద ఆడ ఏనుగు ముందుకాలితో ఇసకని తన్నుతుంది, తన్ని తన్ని పక్కకి తోస్తుంది, ఆ తర్వాత గుంటలోకి తొండం దించి తడి ఇసకని చుట్టి బయట పడేస్తుంది. అలా తొండం సగం మునిగేదాకా తవ్వుతుంది. అడుగున ఊరిన మొదటి నీళ్లు తాగదు, బురదగా ఉంటాయని పీల్చి పక్కకి చిమ్మేస్తుంది, ఆగుతుంది, తేటబడ్డాక అప్పుడు తాగుతుంది. దాని పిల్లకి తొండం అందదు, మోకాళ్ల మీద కూర్చుని ప్రయత్నిస్తుంది. తల్లి పక్కకి జరిగితే గానీ కుదరదు, తల్లి మాత్రం తన కడుపు నిండేదాకా జరగదు. అవి వెళ్లిపోయాక ఆ గుంటల దగ్గరికి బబూన్లు, ఇంపాలా జింకలు, చారల గుర్రాలు వరసగా వస్తాయి. ఏనుగులు తవ్వకపోతే వీటికి ఆ రోజు నీళ్లు లేవు. ఇదంతా గట్టు మీద నీడలో పడుకున్న సింహాలకి తెలుసు, అందుకే అవి అక్కడే ఉంటాయి, వెతుక్కుంటూ ఎక్కడికీ పోవు. మీరూ అంతే. రువాహాలో బండి ఎక్కువ తిప్పిన డ్రైవరు కాదు, మంచి గట్టు చూసి ఆపిన డ్రైవరే మంచి డ్రైవరు. రోజుకి వంద కిలోమీటర్లు తిప్పుతానంటే వద్దని చెప్పండి.

గ్రేట్ రువాహా మాత్రం వాగు కాదు, అసలైన నది, ఏడాది పొడవునా పారాల్సిన నది. దక్షిణ కొండల్లో పుట్టి, ఉసాంగు మైదానంలోకి దిగి, అక్కడ ఇహెఫు చిత్తడిలో విశాలంగా పరుచుకుని, ఆ చిత్తడి నుంచి మెల్లగా కారుతూ పార్కులోకి వస్తుంది. తర్వాత ఎంతేరా జలాశయం, కిడాటు విద్యుత్ కేంద్రం, అక్కణ్ణించి రుఫిజి నదిలో కలిసి సముద్రం. 1993 దాకా ఎండాకాలంలోనూ పార్కులో పారింది. ఆ ఏడాది ఎండిపోయింది, అప్పట్నించి ఏటా కొన్ని వారాలు, కొన్నేళ్లలో నెలల పాటు పారకుండా ఆగిపోతోంది. మిగిలిన మడుగుల్లో నీటి గుర్రాలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి, నీళ్లు పచ్చగా చిక్కబడిపోతాయి, చేపలు తేలతాయి, మొసళ్లు గట్టు కన్నాల్లోకి దూరి కదలకుండా పడుకుంటాయి. సెప్టెంబరులో వెళ్లినవాళ్లు ఇదంతా చూస్తారు. చాలామంది ఎండాకాలం కాబట్టి ఎండింది అనుకుని వచ్చేస్తారు. అది నిజం కాదు.

ఎగువన ఉసాంగు మైదానంలో, ఎంబరాలి జిల్లాలో వరి పండిస్తారు. మనం ఇక్కడ దార్‌లో కరియాకూ మార్కెట్లో ఎంబేయా బియ్యమే కావాలని అడిగి మరీ కొంటాం కదా, అందులో చాలా భాగం అక్కడిదే. పెద్ద పెద్ద ప్రభుత్వ వరి పథకాలు, వాటి చుట్టూ చిన్న రైతుల మడులు, కాలవలు. నాట్లకి ముందు ఎండాకాలంలోనే నీళ్లు మళ్లిస్తారు, పంట కోశాక కూడా తూములు మూయరు, నీళ్లు ఖాళీ పొలాల్లోకి పోయి ఆవిరైపోతాయి. కృష్ణా డెల్టా చివరి భూముల వాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే, పైన తూము తెరిచి ఉంచితే కింద ఏమవుతుందో వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. మొదట్లో తప్పంతా పశువుల కాపర్ల మీద వేశారు. 2006, 2007 ప్రాంతంలో ఉసాంగు నుంచి కాపరుల కుటుంబాల్ని, లక్షల్లో పశువుల్ని బలవంతంగా తరలించారు, తర్వాత ఆ నేలని పార్కులో కలిపారు. పశువులు పోయాయి, నది మాత్రం మళ్లీ ఏడాది పొడవునా పారలేదు. ఎండాకాలంలో సాగుకి మళ్లించే నీళ్లే ప్రధాన కారణమని అధ్యయనం చేసినవాళ్లు అంతకు ముందే చెప్తూ వచ్చారు. నేను రైతుని తప్పుపట్టను. వరి పండించేవాడి కష్టం తెలిసిన ఇంట్లోనే పుట్టాను. కానీ ఖాళీ పొలంలో ఇంకిపోయే నీటికి, ఎండిన మడుగులో చచ్చే నీటి గుర్రానికి మధ్య సంబంధం ఉందని తెలిసి చూడ్డం వేరు, తెలియక చూడ్డం వేరు. పిల్లలతో వెళ్తే ఈ మాట తప్పకుండా చెప్పండి. ఇరింగా దారిలో బియ్యం లారీలు ఎదురొస్తాయి, వాటిని చూపించి చెప్పండి.

సరే, దారి. దార్ నుంచి ఇరింగా 500 కిలోమీటర్లు, జాంబియా వైపు పోయే లారీల రోడ్డు. గూగుల్ ఏడెనిమిది గంటలు చూపిస్తుంది, నమ్మకండి, ఊరు వచ్చిన ప్రతిసారీ 50 స్పీడు, ప్రతి ఊరి చివర పోలీసు, తొమ్మిది పది గంటలు పెట్టుకోండి. 2024లో వచ్చిన కొత్త రైలు ఎక్కి మొరొగొరో దాకా వెళ్లి, బండిని అక్కడికి రప్పించుకుంటే చలిన్జే దాకా ఉండే ట్రాఫిక్ టెన్షన్ తప్పుతుంది, పెద్దవాళ్లకి ఒళ్లు నొప్పులూ తగ్గుతాయి. మొరొగొరో దాటాక హైవే మికుమి పార్కు మధ్యలోంచే పోతుంది, టిక్కెట్టు లేకుండానే జిరాఫీలు, ఏనుగులు కనపడతాయి. అక్కడ స్పీడు పెంచకండి, జంతువుని గుద్దితే ఏ జంతువుకి ఎంత జరిమానా అన్నది బోర్డు రాసి పెట్టారు. ఆ తర్వాత రోడ్డుకి రెండువైపులా బావొబాబ్ లోయ, ఆపైన కితొంగా ఘాట్ రోడ్డు, బ్రేకులు పోయిన లారీలు పక్కన పడి ఉంటాయి, చీకటి పడకముందే ఎక్కేయాలి. ఆ రాత్రి ఇరింగాలో ఉండండి. ఎత్తు మీద ఉన్న ఊరు, చల్లగా ఉంటుంది. ఒకే రోజులో దార్ నుంచి పార్కు లోపలికి వెళ్లాలని చూడకండి, సాయంత్రం గేటు మూసేస్తారు, చీకట్లో లోపల సొంతంగా బండి నడపనివ్వరు.

ఇరింగాలో ఒక పూట ఉండగలిగితే కలెంగా వెళ్లండి, పార్కు దారికి దగ్గరే. హెహె జాతి నాయకుడు మ్క్వావా రాజధాని అది. 1891లో లుగాలో దగ్గర జర్మన్ సైన్యాన్ని చిత్తుగా ఓడించినవాడు, ఏళ్ల తరబడి దొరకలేదు, చివరికి 1898లో పట్టుబడటం ఇష్టంలేక ప్రాణం తీసుకున్నాడు. ఆయన తల జర్మనీకి పట్టుకుపోయారు, 1919 వెర్సాయ్ ఒప్పందంలో దాన్ని తిరిగి ఇవ్వాలని ఒక నిబంధన రాశారు, వచ్చింది మాత్రం 1954లో. ఆ కపాలం కలెంగా మ్యూజియంలో ఉంది. అల్లూరి సీతారామరాజు కథ వింటూ పెరిగినవాళ్లం, అక్కడ కాసేపు నిలబడకుండా రాలేం.

ఇరింగాలో డీజిల్ ట్యాంకు నిండా కొట్టించండి, ఆ తర్వాత బంకు మీద ఆశ పెట్టుకోవద్దు. కూరగాయలు, పళ్లు, తాగే నీళ్లు అక్కడే కొనుక్కోండి. ప్లాస్టిక్ సంచులు వద్దు, 2019 జూన్ నుంచి నిషేధం, ఇండియా నుంచి వచ్చే చుట్టాలకి ఈ మాట ముందే చెప్పండి, సూట్‌కేసులో చీర చీరకీ ఒక కవరు ఉంటుంది మనవాళ్లకి. ఫోర్ వీల్ డ్రైవ్ బండే కావాలి, రెండు స్టెప్నీలుంటే మరీ మంచిది. డబ్బు ఖర్చుపెట్టగలిగితే దార్ నుంచి చిన్న విమానంలో పార్కు లోపలే మ్సెంబే మట్టి రన్‌వే మీద దిగొచ్చు, కానీ 15 కిలోలకి మించి సామాను తీసుకోరు, గట్టి సూట్‌కేసులు ఒప్పుకోరు, మెత్తటి సంచే.

ఖర్చు సంగతి. పార్కు ప్రవేశ రుసుము సెరెంగెటికి పెద్దవాళ్లకి 24 గంటలకి 70 డాలర్లుంటే రువాహాకి 30, దాని మీద 18 శాతం వ్యాట్. మనలాగా రెసిడెంట్ పర్మిట్ ఉన్నవాళ్లకి ఇంకా తక్కువ, పర్మిట్ జేబులో పెట్టుకోవడం మర్చిపోకండి. ఈ రేట్లు మారుతుంటాయి, వెళ్లేముందు టనాపా, అంటే ఇక్కడి నేషనల్ పార్కుల సంస్థ వాళ్ల తాజా పట్టిక చూసుకోండి. గేటు దగ్గర నోట్లు తీసుకోరు, కార్డు గానీ ఫోన్ గానీ. ఉండటానికి మూడు దారులున్నాయి. నది ఒడ్డున ఖరీదైన టెంటు క్యాంపులు, బండి, గైడు, తిండి అన్నీ వాళ్లవే, ఒక మనిషికి ఒక రాత్రికి 400 డాలర్ల పైమాటే, కొన్నిచోట్ల ఇంకా రెట్టింపు. రెండోది మ్సెంబేలో పార్కు వాళ్లే నడిపే గదులు, సాదా సీదాగా ఉంటాయి, కానీ నది ఎదురుగా ఉంటాయి, పొద్దున తలుపు తీస్తే జంతువులే. నాకు అన్నిటికంటే ఇష్టమైనవి అవే, మన కుటుంబాలకి నప్పేవి కూడా అవే. మూడోది గేటు బయట తుంగమలెంగా ఊళ్లో లాడ్జీలు, చౌక, మీరిచ్చే డబ్బు ఊరికి చేరుతుంది, కాకపోతే రోజూ పొద్దున్నే గేటుదాకా వెళ్లిరావాలి. నా సలహా ఒక రాత్రి తుంగమలెంగా, మూడు రాత్రులు లోపల. మూడు రాత్రుల కంటే తక్కువైతే వెళ్లకపోవడమే మేలు, ఆ రోడ్డు శ్రమకి గిట్టుబాటు కాదు.

తుంగమలెంగా ఎందుకు అంటున్నానంటే, సింహాలు పార్కు సరిహద్దు గీత చూసి ఆగవు. ఈ ఊళ్లలో పశువుల్ని చంపుతాయి, ఒక్క రాత్రిలో ఒక ఇంటి ఆస్తి మొత్తం పోతుంది. ఊరివాళ్లు ఈటెలతో, విషంతో సింహాల్ని చంపేవారు. బరబైగ్ కాపరుల్లో సింహాన్ని చంపిన యువకుడికి పేరు, కానుకగా పశువులు వచ్చేవి. 2009లో అమీ డిక్‌మన్ అనే శాస్త్రవేత్త ఇక్కడ రువాహా కార్నివోర్ ప్రాజెక్టు మొదలుపెట్టారు. వాళ్లు చేసినవాటిలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఊళ్ల పొలిమేరల్లో కెమెరాలు పెట్టి వాటి నిర్వహణ ఊరివాళ్లకే అప్పగించారు, కెమెరాలో అడవి జంతువు పడిన ప్రతిసారీ ఆ ఊరికి పాయింట్లు, సింహం, అడవి కుక్క లాంటివైతే ఎక్కువ పాయింట్లు. ఆ పాయింట్లని బట్టి ఊరి ఆస్పత్రికి, బడికి, పశువైద్యానికి డబ్బు. అంటే ఊరి దగ్గర బతికున్న సింహం వల్ల ఊరికి ఏదో ఒకటి వస్తుంది. ఒకప్పుడు సింహాల్ని వేటాడిన యువకులే ఇప్పుడు జీతం తీసుకుని సింహం ఎటు వస్తుందో కాపలా కాసి, కాపరుల్ని హెచ్చరిస్తున్నారు. పార్కులో సింహాన్ని చూసి మురిసిపోయే మనం, దాని భారం మోసే ఊళ్లో కనీసం ఒక రాత్రి అద్దె కట్టడం న్యాయం అని నా ఉద్దేశం.

ఆరోగ్యం గురించి రెండు మాటలు. మలేరియా ఉన్న ప్రాంతం, ఇండియా నుంచి వచ్చేవాళ్లు డాక్టర్ని అడిగి ముందు నుంచే మందు మొదలుపెట్టాలి. చుట్టాలు నైరోబీ మీదుగానో అడిస్ అబాబా మీదుగానో వచ్చి వెళ్తుంటే ఎల్లో ఫీవర్ టీకా కార్డు తప్పనిసరి అనుకోండి, తిరిగి ఇండియాలో దిగినప్పుడు అది లేకపోతే క్వారంటైన్‌లో పెట్టే అధికారం వాళ్లకుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో, అంటే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, ఆ లోపు వేయించుకుంటే కార్డు చెల్లదు. ఇక త్సెత్సె ఈగలు. నది పక్కన తక్కువ, దట్టమైన అడవిలోకి పోతే బండి వెనకే వస్తాయి. మామూలు ఈగలా కొడితే చావదు, అణగ్గొట్టినా అలాగే లేచి మళ్లీ వాలుతుంది, జీన్స్ ప్యాంటు మీద నుంచే కుడుతుంది. నీలం, నలుపు రంగులంటే వాటికి ప్రాణం, కాబట్టి జీన్స్ ఇంట్లో వదిలేసి ఖాకీ, బూడిద రంగు బట్టలు తెచ్చుకోండి. ఇక్కడి డ్రైవర్లు ఎండిన ఏనుగు పేడ డబ్బాలో అంటించి బండి వెనక కడతారు, ఆ పొగకి రావు. పిల్లలు దగ్గుతారని ఆపించకండి, ఈగలకంటే పొగే నయం.

ఎవరో చెయ్యెత్తారు... చెప్పండి అమ్మా. ఆ, తిండి. క్యాంపుల్లో శాకాహారం చేస్తారు, కానీ బుక్ చేసేటప్పుడే రాసి పెట్టాలి, వెళ్లాక చెప్తే గుడ్డు, బంగాళాదుంప తప్ప ఏమీ ఉండదు, వాళ్ల సరుకు ఇరింగా నుంచి రావాలి కదా. పార్కు గదుల్లో అయితే మనమే వండుకోవచ్చా అని ముందే అడిగి, బియ్యం, పప్పు, పొడులు పట్టుకెళ్తే హాయి. టెంటులో ఉండేవాళ్లు మాత్రం నారింజలు, మామిడిపళ్లు లోపల పెట్టుకోవద్దు. ఏనుగు ఆ వాసన పట్టి టెంటు చింపుకుని వస్తుంది, అందులో దాని తప్పేం లేదు. పళ్లు, తిండి ఎక్కడ పెట్టాలో క్యాంపువాళ్లే చూపిస్తారు, వాళ్లు చెప్పినట్టు చేయండి.

చిన్నపిల్లలా? ఆరేళ్లు దాటితే తీసుకెళ్లండి, కొన్ని ప్రైవేటు క్యాంపులు అంతకంటే చిన్నవాళ్లని ఒప్పుకోవు, అడగండి. కంచెలు ఉండవు, రాత్రి బాత్రూముకి కూడా పిల్లల్ని ఒంటరిగా పంపకూడదు, టార్చి వేసి కాపలా మనిషిని పిలవాలి. ఇది ముందే పిల్లలకి నేర్పండి. తుపాకీ ఉన్న రేంజరుతో నడుచుకుంటూ వెళ్లే సఫారీ కూడా ఉంది, అది పెద్ద పిల్లలకే. నడకలో పులి అడుగు, ఏనుగు అడుగు... పులి కాదు, సింహం, మన నోట్లో పులే వస్తుంది... సింహం అడుగు ఎంత తాజాదో రేంజర్ మట్టి అంచుని వేలితో తాకి చెప్తాడు. బండిలో పదిరోజులు తిరిగినా అంత తెలియదు.

బుకింగా? మ్సెంబే గదులు తక్కువే ఉంటాయి, జులై, ఆగస్టు బడి సెలవులకి ఎన్జీవోల వాళ్లు, యూరప్ వాళ్లు ఏప్రిల్‌లోనే పట్టేస్తారు. దసరా సెలవులు అక్టోబరులో వస్తాయి కాబట్టి ఇండియా నుంచి వచ్చేవాళ్లకి ఆ నెల కలిసొస్తుంది, ఎండ సంగతి చెప్పాను కదా, మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా బయటికి రాకుండా ప్లాన్ చేసుకుంటే చాలు. పార్కు మ్యాపు ఒకటి పెద్దది ప్రింటు తీయించి తెచ్చాను, టీ దగ్గర బల్ల మీద పరుస్తాను. మీరనుకున్న నెల చెప్పండి, ఆ నెలలో నీళ్లు ఎక్కడుంటాయో, ఏ వైపు గది తీసుకోవాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టి ఇస్తాను.